దవడ ఎముక నిలుస్తుందా? నోటి క్యాన్సర్ శస్త్రచికిత్సకు ముందు స్కానింగులు తేల్చే విషయం

నోటిలోని పుండు క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలిన తరువాత ఇంటివారు వైద్యులను అడిగే మొదటి ప్రశ్న ప్రాణానికి సంబంధించినది. రెండవ ప్రశ్నను చాలామంది నోరు విప్పి అడగరు. కాని రోగి మనసులో అదే మెదులుతూ ఉంటుంది. దవడ తీసివేస్తారా? ముఖం ఎలా మారుతుంది? మళ్ళీ అన్నం నమిలి తినగలనా? ఈ రెండవ ప్రశ్నకు సమాధానం చాలావరకు శస్త్రచికిత్సకు ముందు తీసే ఎక్స్‌రేలలోను, స్కానింగులలోను ఉంటుంది. ఆ పరీక్షలు ఆసుపత్రి లాంఛనాలు కావు. ఎంత ఎముక తీయాలి, ఎంత నిలపాలి అనే నిర్ణయానికి అవే ఆధారం. అందుచేత వాటి గురించి ముందుగా కొంత తెలుసుకొని ఉండడం రోగికి, ఇంటివారికి మేలు చేస్తుంది.

మన దేశంలో కింది దవడకే ముప్పు ఎందుకు?

భారతదేశంలో ఏటా లక్షమందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారు. పాశ్చాత్య దేశాలలో ఈ వ్యాధి ఎక్కువగా నాలుక మీద, నాలుక కింద కనిపిస్తుంది. మన దేశంలో మాత్రం బుగ్గ లోపలి పొర, కింది చిగురు, ఆ రెండింటి నడుమ ఉండే సందు దీనికి ప్రధాన స్థానాలు. గుట్కా, ఖైనీ, జర్దా కలిపిన తాంబూలం, సున్నంతో నలిపిన పొగాకు, ఏదైనా సరే, మనవారు దానిని గంటల తరబడి ఉంచుకొనేది ఆ సందులోనే. రాత్రి కూడా ఉమ్మివేయకుండా బుగ్గన పెట్టుకొని నిద్రించేవారు ఉన్నారు. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది.

ప్రాంతాన్ని బట్టి అలవాటు మారితే వ్యాధి చోటు కూడా మారుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలు చుట్టను వెలిగించిన కొన నోటిలోపల ఉండేటట్లు పెట్టి కాలుస్తారు. ఆ అడ్డపొగ వలన అంగిలి దెబ్బతింటుంది. మహారాష్ట్రలో కాల్చిన పొగాకు పొడిని మిశ్రీ అంటారు. దానితో పళ్ళు తోముకొనే అలవాటు చిగుళ్ళకు హాని చేస్తుంది. షోలాపురం, భివండీ మగ్గాల మీద, ముంబయి భవన నిర్మాణాల వద్ద పనిచేసే మన తెలుగువారిలో నిద్రను, ఆకలిని ఆపుకోవడానికి పొగాకు బుగ్గన పెట్టుకొనేవారు కొత్తవారు కారు.

బుగ్గ సందులో పుట్టిన గడ్డకు పొరుగున ఉన్నది కింది దవడ ఎముక. చిగురు పలుచనిది. దాని కింద మాంసం లేదు, నేరుగా ఎముకే ఉంటుంది. అందువలన గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే ఎముకకు చేరువవుతుంది.

గడ్డ ఎముకలోకి ఎలా ప్రవేశిస్తుంది?

కింది దవడను కొబ్బరికాయతో పోల్చి చూడవచ్చు. వెలుపల గట్టి పెంకు వంటి పొర, లోపల మెత్తని మూలుగ. ఆ మూలుగ నడుమ ఒక సన్నని కాలువ ఉంటుంది. కింది పళ్ళకు, కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దానిలో నుండి పోతుంది. ఎముకను అంటి పైన ఒక పలుచని పొర కప్పి ఉంటుంది. అది కొంతకాలం గడ్డను అడ్డుకొంటుంది.

నోటి క్యాన్సర్ లింఫ్ నాళాల గుండా ఎముకలోకి పాకుతుందని ఒకప్పుడు శస్త్రవైద్యులు భావించేవారు. అందుచేత గడ్డ దవడకు దగ్గరగా ఉంటే చాలు, ఎముకలో వ్యాధి ఉన్నా లేకున్నా దవడ భాగాన్ని తీసివేసేవారు. 1970ల నాటికి తీసివేసిన ఎముకలను సూక్ష్మదర్శినిలో పరిశీలించగా ఆ భావన సరికాదని తేలింది. గడ్డ ఎముకను నేరుగా తాకి, పైనుండి తొలుచుకొంటూ లోపలికి పోతుంది. పళ్ళు ఉన్నవారిలో చిగురు పంటిని అంటిన చోట, పళ్ళు రాలినవారిలో దవడ పై గట్టున దానికి దారి దొరుకుతుంది. గడ్డ తాకని ఎముకను తీయనక్కరలేదు అన్న సూత్రం ఆ పరిశీలనల నుండి వచ్చినదే. అయితే ఆ సూత్రం పనిచేయాలంటే గడ్డ ఎముకను తాకిందా, తొలిచిందా, మూలుగలోకి దిగిందా అనేది కోతకు ముందే తెలియాలి.

పూర్వం రేడియేషన్ చికిత్స పొందిన దవడ విషయం వేరు. అక్కడ ఎముకపై పొర బలహీనపడి, గడ్డ అనేక చోట్ల నుండి లోపలికి చొరబడగలదు. కాబట్టి గతంలో రేడియేషన్ తీసుకొన్నవారు ఆ సంగతిని మొదటి రోజే వైద్యులకు తెలియజేయాలి.

రెండు రకాల శస్త్రచికిత్సలు

మొదటి పద్ధతిలో దవడ పై అంచును మాత్రమే, వ్యాధి ఉన్న మేరకు కోసి తీస్తారు. కింది అంచు అఖండంగా నిలిచి ఉంటుంది. దీనిని మార్జినల్ పద్ధతి అంటారు. దవడ తెగదు కాబట్టి ముఖం ఆకారం చాలావరకు నిలుస్తుంది. నమలడం, మాట్లాడడం త్వరగా కుదుటపడతాయి.

రెండవ పద్ధతిలో దవడలోని ఒక భాగాన్ని పై నుండి కింది వరకు పూర్తిగా తీసివేస్తారు. దీనిని సెగ్మెంటల్ పద్ధతి అంటారు. దవడ తెగిపోతుంది కాబట్టి ఆ ఖాళీని పూరించాలి. మోకాలి కింద వెలుపలి వైపు ఉండే ఫిబులా అనే సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపుకు సరిపోయేటట్లు మలచి, మెడలోని రక్తనాళాలకు కలిపి అమర్చుతారు. దవడకు ఈ ఎముకను వాడడం 1989 నుండి ప్రచారంలోకి వచ్చింది. శరీరపు బరువును మోసేది ప్రధానంగా పక్కనున్న పెద్ద ఎముక కనుక రోగి తరువాత నడవగలడు. కాని ఇది చాలా గంటలు పట్టే పెద్ద శస్త్రచికిత్స. కోలుకోవడానికి కూడా ఎక్కువ కాలం పడుతుంది.

గడ్డ ఎముకను ఆనుకొని ఉన్నా, లేదా పై పెంకును కొద్దిగా మాత్రమే గీరినా, సాధారణంగా మొదటి పద్ధతి చాలు. మూలుగలోకి దిగితే రెండవ పద్ధతి అవసరమవుతుంది. ఇక్కడ ఇంకొక లెక్క కూడా ఉంది. అంచు తీసిన తరువాత కింద దాదాపు 1 సెంటీమీటరు ఎత్తు ఎముక మిగలకపోతే దవడ తరువాత విరిగిపోవచ్చు. పళ్ళన్నీ రాలి, ఏళ్ళు గడిచి, దవడ అరిగి సన్నబడిన వృద్ధులలో గడ్డ చిన్నదైనా ఈ కారణం చేతనే మొదటి పద్ధతి కుదరకపోవచ్చు.

మరి కోత సమయంలోనే చూసి నిర్ణయించరాదా అని కొందరు అడుగుతారు. మెత్తని కండ అంచులను శస్త్రచికిత్స జరుగుతుండగానే గడ్డకట్టించి, పలుచని ముక్కలుగా కోసి, నిమిషాలలో పరీక్షించవచ్చు. గట్టి ఎముకను అలా కోయడం సాధ్యం కాదు. దానిలోని సున్నపు పదార్థాన్ని ఆమ్లంలో కరిగించి మెత్తబరచడానికి రోజులు పడుతుంది. ఎముక ఫలితం వచ్చేసరికి రోగి వార్డులో ఉంటాడు. అందుచేతనే ముందుగా తీసే స్కానింగులకు అంత ప్రాముఖ్యం.

మొదటి పరీక్ష వైద్యుని చేయి

ఏ యంత్రం కంటె ముందు వైద్యులు చేతి వ్రేళ్ళతో పరీక్షిస్తారు. ఒక వ్రేలు నోటిలోపల, మరొక చేయి దవడ కింద ఉంచి, గడ్డ ఎముక మీద కదులుతున్నదా, అతుక్కొని ఉన్నదా చూస్తారు. రోగి స్వయంగా గమనించి చెప్పవలసిన రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, పుండు పక్కన ఉన్న పన్ను కారణం లేకుండా కదలడం. రెండవది, కింది పెదవి లేదా గడ్డం ఒక వైపు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గడం. ఈ తిమ్మిరి ఎముక లోపలి నరం దెబ్బతిన్నదనడానికి సూచన కావచ్చు. నొప్పి లేదు కదా అని దీనిని దాచిపెట్టరాదు.

ఏ పరీక్ష ఏమి చూపుతుంది?

ఓపీజీ: రెండు దవడలను, పళ్ళన్నింటిని ఒకే పొడవైన పటంలో చూపే ఎక్స్‌రే ఇది. ఖర్చు తక్కువ, కొన్ని సెకన్లలో ముగుస్తుంది. దవడ ఎత్తు ఎంత ఉంది, పళ్ళ స్థితి ఏమిటి అన్నది దీనిలో చక్కగా తెలుస్తుంది. కాని ఎముకలోని ఖనిజంలో దాదాపు మూడవ వంతు కరిగిపోతే తప్ప ఈ పటంలో మార్పు కనిపించదు. గడ్డం మధ్యభాగం మీద మెడ ఎముకల నీడ పడి మసకబారుతుంది. చిగుళ్ళ వ్యాధి వలన అరిగిన ఎముక కూడా క్యాన్సర్ తొలిచినట్లు కనిపించవచ్చు. ఓపీజీ బాగున్నది కనుక ఎముక క్షేమమని అనుకోవడం పొరపాటు.

సీటీ స్కాన్: ఎముక పై పెంకును చూడడానికి నేడు ఎక్కువగా ఆధారపడేది దీని మీదనే. 1 మిల్లీమీటరు లేదా అంతకన్న పలుచని కోతలుగా, ఎముకకు తగిన అమరికలో చూస్తే పెంకు ఎక్కడ తెగిందో తెలుస్తుంది. నరానికి మందు ఎక్కించి తీస్తే గడ్డ హద్దులు, మెడలోని గ్రంథులు కూడా ఒకే పరీక్షలో కనిపిస్తాయి. బుగ్గ సందులో గడ్డ ఉన్నవారిని బుగ్గలు గాలితో ఉబ్బించి కదలకుండా ఉండమని చెప్తారు. అలా చేస్తే బుగ్గ, చిగురు విడివడి, గడ్డ పుట్టినది ఏ వైపో స్పష్టమవుతుంది. పళ్ళకు లోహపు తొడుగులు ఉంటే ఆ చుట్టుపక్కల చారలు పడి చిత్రం చెడుతుంది.

కోన్ బీమ్ సీటీ: దంత వైద్యశాలలలో కనిపించే ఈ యంత్రం తక్కువ రేడియేషన్‌తో ఎముక సూక్ష్మ వివరాలను చూపుతుంది. కాని కండను, గడ్డను, మెడ గ్రంథులను సరిగా చూపలేదు. అందుచేత క్యాన్సర్ రోగికి ఇది మామూలు సీటీ స్థానంలో నిలువదు. తోడుగా మాత్రమే ఉపయోగపడుతుంది.

ఎంఆర్ఐ: అయస్కాంతంతో పనిచేసే ఈ పరీక్షలో రేడియేషన్ లేదు. మూలుగను చూడడంలో దీనికి సాటి లేదు. పెద్దవారి దవడ మూలుగలో కొవ్వు ఎక్కువ. ఒక రకం చిత్రంలో అది తెల్లగా మెరుస్తుంది. గడ్డ ఆక్రమించిన చోట ఆ తెలుపు నల్లబడుతుంది. నరం వెంబడి వ్యాధి పాకిందా అన్నది కూడా దీనిలోనే బాగా తెలుస్తుంది. మూలుగ బాగున్నదని ఎంఆర్ఐ చెప్తే ఆ మాట చాలావరకు నమ్మదగినది. మూలుగ చెడిందని చెప్పినప్పుడు మాత్రం కొంత జాగ్రత్త అవసరం. చీము పట్టిన పన్ను, ఇటీవల పన్ను తీసిన గాయం, వాపు కూడా మూలుగను అదే విధంగా నల్లబరుస్తాయి. అప్పుడు వ్యాధి ఉన్నదానికన్న ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది.

పెట్ స్కాన్: గడ్డ ముదిరినప్పుడు, వ్యాధి ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు, చికిత్స తరువాత తిరగబెట్టిందని అనిపించినప్పుడు దీనిని తీయిస్తారు. ఎముక పెంకు సూక్ష్మ వివరాల కోసం ఇది మొదటి ఎంపిక కాదు. ప్రతి రోగికి అవసరం కూడా కాదు.

రెండు పరీక్షలు రెండు మాటలు చెప్తే?

ఒక మగ్గం కార్మికుడు ఉన్నాడని అనుకొందాము. కింది చిగురు మీద పుండు పుట్టింది. పన్ను కదులుతున్నది కదా అని వీధి చివర దుకాణంలో ఆ పన్ను తీయించుకొన్నాడు. గాయం మానలేదు. మూడు వారాల తరువాత పెద్దాసుపత్రిలో అది క్యాన్సర్ అని తేలింది. సీటీలో పెంకు తెగినట్లు లేదు. ఎంఆర్ఐలో మాత్రం మూలుగ నల్లగా ఉన్నది. ఆ నలుపు వ్యాధిదా, పన్ను తీసిన గాయానిదా? పన్ను ఏ రోజున తీశారో వైద్యులకు తెలిస్తే ఆ చిత్రాన్ని ఒక విధంగా చదువుతారు, తెలియకపోతే మరొక విధంగా చదువుతారు. ఈ ఒక్క సమాచారం మీద దవడలో ఒక భాగం ఆధారపడి ఉండవచ్చు.

ఏ ఒక్క పరీక్షా సంపూర్ణం కాదు. పెంకుకు సీటీ, మూలుగకు ఎంఆర్ఐ, అతుకుకు వైద్యుని వ్రేళ్ళు. మూడింటినీ కలిపి, శస్త్రవైద్యులు, రేడియాలజిస్టు, రేడియేషన్ వైద్యులు ఒకచోట కూర్చొని నిర్ణయించడం ఉత్తమ పద్ధతి. ప్రతి రోగికి అన్ని స్కానింగులు అవసరం ఉండవు. చాలామందికి మంచి సీటీ ఒక్కటే సరిపోవచ్చు. రెండవ స్కానింగు రాసినప్పుడు మొదటిది ఏ ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

నాలుగవ దశ అనే మాటకు బెదరవద్దు

గడ్డ దవడ పెంకును ఛేదించి లోపలికి పోతే, గడ్డ చిన్నదైనా వర్గీకరణ ప్రకారం దానిని నాలుగవ దశలో చేరుస్తారు. నివేదికలో టీ4ఏ అని రాస్తారు. చిగురు మీద పుట్టిన గడ్డ ఎముక పైభాగాన్ని గీరినంత మాత్రాన ఈ వర్గంలోకి రాదు. ఈ అంకె చూసి, ఇక లాభం లేదని చికిత్స మానుకొని స్వగ్రామానికి తిరిగిపోయే కుటుంబాలు ఉన్నాయి. ఇది పెద్ద పొరపాటు. దవడ ఎముక వలన మాత్రమే నాలుగవ దశ అయిన గడ్డలలో చాలావాటిని శస్త్రచికిత్సతో పూర్తిగా తీయవచ్చు. అవసరమైతే తరువాత రేడియేషన్ ఇస్తారు. ఆ అంకె ఎందుకు వచ్చింది, ఎముక వలననా, వేరే కారణం చేతనా అని తప్పక అడగాలి.

పరీక్షకు వెళ్ళే ముందు

1. రెండు వారాలకు మించి మానని పుండు పక్కన ఉన్న పన్నును, ఆ పుండును అర్హత గల వైద్యులు పరీక్షించకుండా తీయించుకోవద్దు. ఇప్పటికే తీయించుకొని ఉంటే ఆ తేదీ రాసిపెట్టుకొని చెప్పండి.

2. నరానికి మందు ఎక్కించే స్కానింగుకు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష అడుగుతారు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, గతంలో ఏ మందైనా పడకపోయినా, ఉబ్బసం ఉన్నా చెప్పండి. ఎన్ని గంటలు ఉపవాసం ఉండాలో ముందే కనుక్కోండి.

3. గర్భవతులు, గర్భం ఉండవచ్చునన్న అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే తెలియజేయాలి.

4. ఎంఆర్ఐకి ముందు గుండెలో పేస్‌మేకర్, చెవిలో అమర్చిన యంత్రం, శరీరంలో లోహపు క్లిప్పులు ఉన్నాయేమో చెప్పాలి. వెల్డింగ్, లేతు పని చేసేవారి కంటిలో ఇనుప రజను చిక్కుకొని ఉండవచ్చు. వారు ఆ సంగతి తప్పక చెప్పాలి. మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక, తీసిపెట్టే పళ్ళ సెట్టు ఇంటివారికి అప్పగించి వెళ్ళండి.

5. ఎంఆర్ఐ అరగంట నుండి ముప్పావుగంట వరకు పట్టవచ్చు. శబ్దం ఎక్కువ. ఆ సమయంలో నోరు, నాలుక కదల్చకుండా, వీలైనంతవరకు గుటక వేయకుండా ఉంటేనే చిత్రం స్పష్టంగా వస్తుంది.

6. నివేదిక కాగితం ఒక్కటే చాలదు. ఫిల్ములు, సీడీ కూడా అడిగి తీసుకోండి. ఆసుపత్రి మారినప్పుడు కొత్త వైద్యులు చిత్రాలను స్వయంగా చూడగలుగుతారు. మళ్ళీ పరీక్షల ఖర్చు తప్పవచ్చు. అయితే స్కానింగు తీసి చాలా వారాలు గడిస్తే గడ్డ పెరిగి ఉంటుంది కనుక తిరిగి తీయవలసి రావచ్చు.

వైద్యులను అడగవలసిన నాలుగు ప్రశ్నలు

గడ్డ ఎముకను తాకిందా, తొలిచిందా, మూలుగలోకి దిగిందా? కింది అంచు నిలిపే శస్త్రచికిత్స నాకు సాధ్యమా, కాకపోతే కారణమేమిటి? దవడ భాగం తీయవలసి వస్తే ఎముకతో పూరించే ఏర్పాటు ఈ ఆసుపత్రిలో ఉన్నదా? తరువాత పళ్ళు అమర్చుకోవడానికి వీలుంటుందా?

భాష అడ్డు వస్తే మొహమాటపడవద్దు. మరాఠీ గాని హిందీ గాని బాగా తెలిసిన ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. సంతకం చేసే ముందు అంగీకార పత్రాన్ని తెలుగులో చెప్పించుకోండి. దవడలో ఎంత భాగం తీస్తారన్నది ఆ పత్రంలో ఉంటుంది.

ఖర్చు, ఆసరా

ఆయుష్మాన్ భారత్ కార్డు ఏ రాష్ట్రంలో తీసుకొన్నా, ఆ పథకంలో నమోదైన ఆసుపత్రులలో దేశమంతటా చెల్లుతుంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య పథకం కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. నమోదైన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే సహాయకులు ఉంటారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకువెళ్ళి వారిని కలవండి. స్వరాష్ట్రపు కార్డు మాత్రమే ఉన్నవారు ఏ ఆసుపత్రిలో అది చెల్లుతుందో అక్కడే విచారించాలి. ముంబయిలో పరేలులోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 నుండి క్యాన్సర్ రోగులకు సేవ చేస్తున్నది. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలోని నాయర్ దంత వైద్య కళాశాలలో నోటి పుండ్లను తొలిదశలో చూపించుకోవచ్చు. చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగులకు రైలు చార్జీలో రాయితీ ఉన్నది. దానికి కావలసిన ధ్రువపత్రాన్ని ఆసుపత్రిలో అడిగి తీసుకోవాలి.

చివరి మాట

ఎంత మంచి స్కానింగు అయినా ఉన్న వ్యాధిని చూపగలదే గాని ఆలస్యాన్ని వెనుకకు తిప్పలేదు. గడ్డ చిగురు మీదనే ఉన్న రోజున వచ్చినవారికి దవడ దక్కే అవకాశం ఎక్కువ. ఒక పూట కూలి పోతుందని నెలలు గడిపితే, ఆ తరువాత నెలల తరబడి పనికి దూరం కావలసి రావచ్చు. మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారం తగిలితే మంట, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, కారణం లేకుండా కదిలే పన్ను, పెదవి తిమ్మిరి, వీటిలో ఏది రెండు వారాలు దాటినా చూపించుకోండి. పొగాకు, వక్క మానదలచినవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు. అద్దం ముందు, మంచి వెలుతురులో, నెలకొకసారి నోరు తెరిచి బుగ్గ సందులను చూసుకోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. దవడను కాపాడే మొదటి పరీక్ష అదే.